వాడపల్లి ఒడ్డున విచ్చుకున్న గాలం కర్ర

ఆ గాలం కర్రను నేను నానబెట్టలేదు. నానబెట్టానని నలుగురి ముందు చెప్పిన మనిషికి నేను ఆ పని చేయలేదని తెలుసు. తెలిసే చెప్పాడు. ఆ ఒక్క మాటతో సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ బంగళాల్లో నా పని పోయింది, పేరు పోయింది. పని తర్వాత కొంత తిరిగి వచ్చింది. పేరు మాత్రం, దాని మీద పడ్డ మచ్చతోనే ఇంతకాలం నడిచింది.

1949 ఎండాకాలం సంగతి ఇది. అప్పటికి నాకు సూర్యాపేట బజారులో చిన్న దుకాణం ఉండేది. మాది మేదరి ఇల్లు. మా నాయన తట్టలు, చాటలు అల్లేవాడు. నేను కుర్చీల పనిలోకి దిగాను. సర్కారు బంగళాల్లో కుర్చీలకు కేన్ అల్లడం, గొడుగులకు చువ్వలు మార్చడం, పెద్దమనుషుల చేతికర్రలు వంకర తీయడం నా పని. బడికి పోయింది లేదు. తెలుగు పాత పత్రికల మీద, ఇంగ్లీషు అక్షరాలు వార్నిష్ డబ్బాల మీద నేర్చుకున్నాను. బడిలో చదివినవాళ్ళు డబ్బా తెరిచి పారేస్తారు. నేను డబ్బా చదివి గాని తెరిచేవాడిని కాదు.

పోలీస్ యాక్షన్ జరిగి, నిజాం పాలన పోయి ఏడాది కూడా నిండలేదు. ఊళ్ళ పక్కన మిలిటరీ, పోలీసు క్యాంపులు ఉన్న రోజులు. అడవి పట్టిన కమ్యూనిస్టు దళాలకు అన్నం పెట్టారనో, కబురు మోశారనో అనుమానం వస్తే చాలు, పల్లెల్లోని మనుషులను క్యాంపుకు తీసుకుపోయేవారు. గొర్రెలు కాసేవాళ్ళ మీద ఆ అనుమానం మరీ ఎక్కువ. వాళ్ళు తిరగని చోటు ఉండదు కదా. తీసుకుపోయినవాళ్ళు ఎప్పుడు వస్తారో, వస్తారో రారో, అడిగే దిక్కు లేదు. ఇది గుర్తుంచుకుని మిగతాది చదవండి.

ఒక పొద్దున కరీం సాహెబ్ నా దుకాణానికి వచ్చారు. చెరువుల శాఖలో ఓవర్‌సీర్‌గా చేసి దిగిపోయిన మనిషి, మిర్యాలగూడలో ఉండేవారు. ఆయన చంకలో పొడుగాటి రేకు గొట్టం ఉంది. మూత తీసి, లోపలి గుడ్డసంచిలోంచి మూడు ముక్కలు బయటకు లాగి నా ముందు చాప మీద పరిచారు.

"చూడు నర్సయ్యా. ఇదేందో చెప్పు."

"వెదురు గద సాహెబ్."

"వెదురే. ఎన్ని వెదుర్లు?"

చేతిలోకి తీసుకుంటే తెలిసింది. గుండ్రంగా లేదు, ఆరు పలకలుగా ఉంది. ఆరు సన్నటి బద్దలను మూడు మూలలుగా చెక్కి, ఒకదానికొకటి అతికించి, లోపల బోలు లేకుండా ఒక్క పుల్ల చేశాడు ఎవడో మహానుభావుడు. దీన్ని స్ప్లిట్ కేన్ అంటారని సాహెబ్ చెప్పారు. నేను పుట్టినప్పటి నుంచి వెదురు చీలుస్తున్నాను. వెదురును చీల్చి మళ్ళీ వెదురు చేయవచ్చని ఆ రోజే చూశాను.

కణుపుల కోసం వెతికాను. మా పనిలో కణుపు దగ్గరే బద్ద విరుగుతుంది. ఇందులో ఒక బద్ద కణుపు పక్కన ఇంకో బద్ద కణుపు రాకుండా జరిపి జరిపి పెట్టాడు. ఒకటి బలహీనమైన చోట మిగతా ఐదూ మోస్తాయన్నమాట. నేను ఎంతసేపు చూస్తూ కూర్చున్నానో గాని, సాహెబ్ నవ్వి, "నేను గూడ మొదలు గిట్లనే కూసున్న," అన్నారు.

ఆయన పడుచుతనంలో ఒక ఇంగ్లీషు ఇంజనీరు కింద పనిచేశారు. ఆ దొర సాయంత్రాలు చెరువు అలుగు దగ్గర ఇలాంటి కర్రతోనే చేపలు పట్టేవాడట. సాహెబ్ మూడు ముక్కలూ కలిపి నా చేతికిచ్చి, మణికట్టు ఒక్కసారి ముందుకు ఆడించమన్నారు. ఆడించాను. కొసన పుట్టిన అల కర్రంతా దిగివచ్చి నా అరచేతిలో ఆగింది.

"ఏం తెలిసింది?"

"చేప లేకుండనే చేప గుంజినట్టుంది సాహెబ్."

"అగో! పాత కర్రల గొప్ప గదే. మంచిదా చెడ్డదా కండ్లతోని గాదు, గీ అరచేతితోని చెప్పాలె."

గాలానికి ఎర్ర గుచ్చరని, కోడి ఈకతో పురుగు బొమ్మ కట్టి నీటి మీద వాలుస్తారని చెబితే నేను నమ్మలేదు.

"ఎర్ర లేకుంటే చేపెందుకు తింటది సాహెబ్?"

"దొరలు గద, ఎర్రను ముట్టరు. చేపలే సర్దుకోవాలె," అన్నారాయన. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ మనిషితో నవ్విన నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కర్ర ఆయనది కాదు. మిర్యాలగూడలో కొత్తగా వచ్చిన క్యాంపు ఆఫీసరుది. దేశం విడిచి పోతున్న ఎవరో దొర ఇచ్చి పోయాడట. ఆఫీసరు దాన్ని గోడకు చేరవేసి వదిలేస్తే కొస ముక్క వంగిపోయింది. అలా వంగి అట్లాగే ఉండిపోవడాన్ని సెట్ అంటారు. పట్టుదారం చుట్లు తెగాయి. ముక్కలను కలిపే ఇత్తడి గొట్టాల్లో, వాటిని ఫెర్రూల్ అంటారు, ఒకటి వదులైంది. ఇలాంటి వాటి సంగతి తెలిసిన మనిషని ఆఫీసరు సాహెబ్‌కు అప్పగించాడు. సాహెబ్ నాకు అప్పగించారు.

పోయే ముందు ఒక మాట చెప్పారు. "వెదురు అనంగనే నీ చెయ్యి నీళ్ళ కుండ మీదికి పోతది. దీనికి నీళ్ళు చూపియ్యకు. బద్దలను అతికిచ్చిన జిగురు పశువుల తోలుతోని చేసింది. నానితే విడిపోతది. గుర్తుంటదా?"

"ఉంటది సాహెబ్."

గుర్తుంది. ఇప్పటికీ ఉంది. నాకు ఆ మాట చెప్పిన నోరు ఆయనదే, అది కూడా గుర్తుంది.

వంగిన కొసను వేడి బూడిద మీద, తగలకుండా, ఇటూ అటూ తిప్పుతూ వెచ్చబెట్టి, కొద్దికొద్దిగా ఎదురు వంచి తిన్నగా చేశాను. వదులైన ఫెర్రూల్‌ను కంసాలి దగ్గరి లక్కతో కూర్చోబెట్టాను. పద్మశాలీల ఇంటి నుంచి సన్నటి పట్టుదారం తెచ్చి చుట్టాను. దారం మీద పలుచగా వార్నిష్ పట్టించి, ఆరనిచ్చి, మళ్ళీ పట్టించాను. అలా చేస్తే దారం అద్దంలా మారి కింద వెదురు రంగు కనిపిస్తుంది. మందంగా ఒక్కసారే పూస్తే బురద పూసినట్టు ఉంటుంది. తొందరపడేవాళ్ళు చేసేది అదే.

పని అయిందని నాకు తెలిపింది ఫెర్రూలే. సరిగ్గా కూర్చున్న గొట్టాలను లాగితే సీసా బిరడా ఊడినట్టు 'టప్' మని చప్పుడు రావాలి. వచ్చింది. మిర్యాలగూడ పోయి సాహెబ్ చేతికిస్తే ఆయన కూడా ముందు అదే లాగి చూశారు. విని, నా భుజం తట్టారు.

ఆఫీసరు పల్లెల మీదికి పోయి ఉన్నాడు. ఆయన వచ్చేదాకా కర్ర సాహెబ్ ఇంట్లోనే ఉంది.

ఆ ఇంట్లో పశువులను చూసుకునే మనిషి మల్లయ్య. త్రిపురారం వైపు గొల్ల మనిషి, అరవై దాటినవాడు. ఆ పెద్దాయన చేసిన పని నాకు తర్వాత తెలిసింది గాని, మీకు ఇప్పుడే చెబుతున్నాను. దాచిపెట్టి కథ నడిపే ఓపిక నాకు లేదు. సాహెబ్ ప్రాణంలా చూసుకుంటున్న కర్ర ఎండకు ఎండి పగిలిపోతుందేమోనని మల్లయ్యకు బెంగ పుట్టింది. గొల్లవాళ్ళు తమ చేతికర్రను నీళ్ళలో నానేసి, ఆముదం పట్టించి గట్టి చేస్తారు. దీనికీ అదే మర్యాద చేశాడు. సాహెబ్ ఊళ్ళో లేనప్పుడు బర్రెలు తాగే గోలెంలో కొస ముక్క, నడిమి ముక్క రెండు రోజులు నిలబెట్టాడు. తీసి, తుడిచి, ఆముదం రాసి సంచిలో పెట్టాడు. పిడి ముక్కకు బెండు ఉంది కనుక దాన్ని మాత్రం నానబెట్టలేదు.

ఆఫీసరు తిరిగి రాగానే ఆయన, సాహెబ్ కలిసి వాడపల్లి దగ్గర కృష్ణ ఒడ్డుకు బయలుదేరారు. బాగు చేసినవాణ్ణి కూడా తెమ్మన్నాడట, మిర్యాలగూడకు పిలిపించి జీపు వెనక కూర్చోబెట్టారు. పక్కన అన్నం గిన్నెలతో మల్లయ్య. ఎదురుగా తుపాకీలతో పోలీసులు.

నది తగ్గి, రాళ్ళ మధ్య మడుగులు మిగిలాయి. నీటి మీద పరక చేపలు ఎగురుతున్నాయి. ఆఫీసరు ముక్కలు కలిపాడు, దారం పోయే రింగులు వరుసకు రాకపోతే మళ్ళీ లాగాడు. చప్పుడు రాలేదు. జారి వచ్చింది. దగ్గరికి పోయి చూస్తే వార్నిష్ కింద తెల్లటి పొగమంచులా పట్టి ఉంది. గుప్పున ఆముదం వాసన.

"అయ్యా, వద్దయ్యా, జర ఆగుండ్రి," అన్నాను.

"ఏం, నువ్వు నేర్పుతావా నాకు?" అన్నాడు ఆఫీసరు. ఆయనది కోస్తా వైపు మాట. కర్రను వెనక్కి తీసుకుని ముందుకు విసిరాడు. చిర్రుమని పాత గుడ్డ చింపినట్టు శబ్దం. కొస ముక్క ఆరు బద్దలుగా విచ్చుకుని చీపురులా వేలాడింది. నడిమి ముక్క కూడా నెర్రె విచ్చింది.

ఆఫీసరు విడిపోయిన బద్దలను వేలితో నొక్కి, సాహెబ్ వైపు తిరిగాడు.

"తడిగా ఉంది. ఎవడయ్యా దీన్ని నానబెట్టింది?"

సాహెబ్ కళ్ళు మల్లయ్య మీదికి పోయాయి. నేను చూశాను. అక్కడి నుంచి తుపాకుల మీదికి, ఆ తర్వాత నా మీదికి వచ్చాయి.

"మేదరోళ్ళు వెదురును తడపకుంట పని చెయ్యరు సార్," అన్నారు. "వద్దని చెప్పిన. అయినా నానబెట్టినట్టున్నడు."

"నేను గాదు! ఆముదం వాసన చూడుండ్రి! మా ఇంట్ల వెదురుకు ఆముదం పెట్టరు!" అని అరిచాను. ఆముదమేమిటో, దాని గొడవేమిటో ఆఫీసరుకు అక్కర్లేదు. సాహెబ్ మాట అందరికీ తెలిసిన మాట. మేదరివాడు వెదురు నానబెడతాడు. దానికి సాక్ష్యం ఎవరడుగుతారు? ఆఫీసరు ముక్కలను నా కాళ్ళ మీదికి విసిరాడు. "తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టుకో. ఇక మా బంగళాల్లో నీ మొహం కనపడకూడదు."

మల్లయ్య అన్నం గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

సగం అల్లిన బంగళా కుర్చీలను ఆ వారమే నా దుకాణం నుంచి ఎత్తుకుపోయారు. బజారులో నాకు కొత్త పేరు పుట్టింది, నానబెట్టిన నర్సయ్య. "ఏం నర్సన్నా, మా గొడుగు ఇస్తే గోలెంల ఏస్తవా, బాయిల ఏస్తవా?" అని నవ్వేవాళ్ళు. మంచం మీదున్న నాయన, "మన ఇంట్ల పని చెడిందన్న మాట నేను ఇనలే బిడ్డా," అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నిజం ఆయనకు చెప్పాను. నమ్మాడో లేదో చెప్పకుండానే పోయాడు. నా భార్య అయితే, "నిజం నీ తాననే ఉండె గద, దాన్ని అండుకోని తిందమా?" అంది.

ఇక అసలు కోపం వచ్చే సంగతి. సంత రోజున మల్లయ్య సూర్యాపేట వచ్చి నా దుకాణం ముందు నిలబడ్డాడు. ఆముదం ఆయన పనేనని అనుమానం ఉంది, క్షమాపణ అడగడానికి వచ్చాడనుకున్నాను. కర్ర నేలకేసి కొట్టి తిట్టడం మొదలుపెట్టాడు.

"ఎంత పని జేసినవ్ అల్లుడా! సాహెబు పానం లెక్క సూసుకున్న కట్టె! నేను రెండొద్దులు గోలెంల వెట్టి, ఆముదం రాసి, ఎండ తగలకుంట సూసిన. నువ్వు ముందుగాల్నే ఆముదం లేకుంట నానేసి సెడగొడితే నేనేం జేతు? నూరేండ్లు ఉండేది గద!"

ఆ ముసలాయనకు తెలియదు! తన చేతులతో కాపాడానని, నా చేతులతో పాడైందని మనసారా నమ్ముతున్నాడు. చుట్టూ నలుగురు చేరారు. ఎదురు చాయ్ హోటల్ బల్ల మీద క్యాంపు జవాను ఒకడు కూర్చుని సాసర్‌లో చాయ్ ఊదుకుంటున్నాడు. గోలెం మాట అతని చెవిన పడిందేమో తెలియదు. అతనికి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు ఒక్క మాట చాలు.

"అవు మామా," అన్నాను. "తప్పయింది. పో, పొద్దుగూకుతది."

ఆయన ఇంకో రెండు తిట్లు తిట్టి, తట్ట ఒకటి బేరమాడి కొనుక్కుని పోయాడు.

సూర్యాపేటలో పని పూర్తిగా ఆగిపోయాక కోదాడ చేరి, మొదట చాటలు, తర్వాత మళ్ళీ కుర్చీలు అల్లుకున్నాను. సాహెబ్‌ను మాత్రం వదల్లేదు. ఒకసారి మిర్యాలగూడలో ఆయన ఇంటికే పోయాను. "ఎందుకన్నరు సాహెబ్ ఆ మాట?" అంటే చాయ్ తెప్పించి, వానల గురించి మాట్లాడారు. ఇంకోసారి బస్సులో కనబడితే కిటికీ బయటకు చూస్తూ కూర్చున్నారు. అడిగీ అడిగీ నాకే విసుగు పుట్టింది. అయినా అడగడం మానలేదు. మంది ఏమనుకుంటే నాకేం, ఆయన నోటితోనే ఆ మాట వెనక్కి రావాలి.

కొన్నేళ్ళకు ఆయన కోదాడలో కూతురి ఇంటికి వచ్చారని విన్నాను. నా దగ్గర ఆ పిడి ముక్క, నెర్రె విచ్చిన నడిమి ముక్క ఉన్నాయి. పొయ్యిలో పెట్టలేదు. అటువంటి పనితనం పొయ్యిలో పెట్టే చేతులు కావు నావి. నడిమి ముక్కకు దారం చుట్టి బిగించాను, గొట్టాల్లోని ఆముదం తుడిచి శుభ్రం చేశాను. అవి గుడ్డలో చుట్టుకుని పోయాను.

సాహెబ్ బాగా వంగిపోయారు. నన్ను చూసి లేవబోయారు, చేతకాలేదు.

"మల్లయ్య పోయిండు నర్సయ్యా," అన్నారు. "పోయిన వానలల్ల. ఇప్పుడడుగు."

నేను ముక్కలు బయటికి తీసి, కలిపి, లాగాను. టప్. సాహెబ్ కళ్ళు మూసుకున్నారు. అట్లాగే మాట్లాడారు.

"పోలీస్ యాక్షన్ల మాలాంటి ముసల్మాన్ల ఇండ్ల మీదికి మంది వస్తుంటే, మల్లయ్య నన్ను, నా పిల్లలను గొర్ల దొడ్డిల దాచిండు. అటువంటి మనిషి పేరు ఆ ఆఫీసరు ముంగట ఎట్ల చెప్పుదు? త్రిపురారం దిక్కు గొల్లాయన. కావాలని చేసిండంటే, క్యాంపుకు తీసుకపోతే, వస్తుండెనా? నీకైతే పని పోతది. పానం పోదు. అట్ల లెక్కేసిన."

ఈ మాట నేను ఊహించనిది కాదు. సంత నాడు చాయ్ హోటల్ ముందు నేనూ అదే లెక్క వేశాను. కానీ నేను వేసింది నా పేరు పెట్టి. ఆయన వేసింది కూడా నా పేరు పెట్టే. ఇన్నేళ్ళు ఆయన్ని అడుగుతూ తిరిగింది ఆ తేడా గురించే. ఒకరిని కాపాడడం కోసం ఇంకొకరిని ఇచ్చేయడాన్ని మంచితనం అనడానికి నేను ఒప్పుకోను. పనివాడికి అతని పేరు తప్ప వేరే ఆస్తి లేదని నేను నేర్చుకున్నది ఇక్కడే. ఎవరైనా ఒకరి పని చెడిందని నా ముందు అంటే, చెడగొట్టిన చేయి ఎవరిదని వెంటనే నేను అడిగేది కూడా ఇందుకే.

"మల్లయ్య పేరు చెప్పొద్దు, సరే," అన్నాను. "నేనే నానబెట్టిన అని మీరెందుకనలే సాహెబ్? మీ ఇంట్ల ఉన్న కర్ర. మీరంటే ఆయన నమ్ముతుండె. నా పేరే ఎందుకు?"

సాహెబ్ పిడి ముక్క అందుకుని దాని మీది బెండును బొటనవేలితో రాశారు. తర్వాత తలెత్తి నా మొహం చూసి చెప్పారు.

"భయమైంది నర్సయ్యా. ఆ దినాలల్ల నా పేరు నేను చెప్పుకోవాలంటేనే భయమైతుండె. నీ పేరు నోట్లెకు తొందరగ వచ్చింది. మల్లయ్యను కాపాడిన, మల్లయ్యను కాపాడిన అని ఇన్నేండ్లు అనుకున్న. మల్లయ్య ఎనక నేను గూడ దాక్కున్నననేది నువ్వడుగుతవని తెలిసే, నీకు చాయ్ పోసి పంపిన."